10 ఎలక్ట్రాన్ల నియాన్ ఉలకదు, 11 ఎలక్ట్రాన్ల సోడియం ఆగదు: ఎందుకు?

గాజువాక నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఒకరు అడిగారు: “మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. మూలకం ఏదో తేల్చేది ప్రోటాన్ల సంఖ్య అని ఒక పేజీలో ఉంది. రసాయన గుణాలు ఎలక్ట్రాన్ల వల్ల వస్తాయని ఇంకో పేజీలో ఉంది. రెండిట్లో ఏది? పైగా ఎలక్ట్రాన్లన్నీ ఒకేలా ఉంటాయట కదా, మరి 10 ఉన్న నియాన్ ఉలకదు పలకదు, 11 ఉన్న సోడియం నీళ్లు తగిలితే చాలు రెచ్చిపోతుంది. ఒక్కదానికే ఇంత తేడానా? అడిగితే ‘ఆక్టెట్ కోసం’, అంటే బయటి కర్పరంలో (పొరలో) ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండటం కోసం అంటున్నారట. ఆ మాట తనకి ఎక్కడం లేదు. నిజం చెప్పాలంటే నాకూ ఎక్కడం లేదు.”

ఎక్కకపోవడమే మంచిదండీ. ‘ఆక్టెట్ కోసం’ అనేది కారణం కాదు, జరిగినదానికి తర్వాత పెట్టిన పేరు. సోడియానికి ఆశ లేదు, క్లోరిన్‌కి ఆకలీ లేదు. నేను వైజాగ్‌లో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. ఆ ఒక్క మాట పాఠంలోంచి తీసేస్తే సగం బట్టీ దానంతటదే పోతుందని నా అభిప్రాయం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదవండి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

ముందు ప్రోటాన్లా, ఎలక్ట్రాన్లా అన్న తగువు తేల్చేద్దాం. కేంద్రకంలో 11 ప్రోటాన్లుంటే సోడియం, 10 ఉంటే నియాన్. అందులో వాదన లేదు. కానీ ఆ కేంద్రకం పరమాణువు నడిమధ్య ముడుచుకుని ఉంటుంది, పరమాణువు అడ్డుకొలతలో సుమారు లక్షో వంతు. రెండు పరమాణువులు దగ్గరికొచ్చినప్పుడు ఒకదానికొకటి తగిలేవి బయటి ఎలక్ట్రాన్లే. ఉప్పు రవ్వలో పక్కపక్కనున్న సోడియం, క్లోరిన్ కేంద్రకాల మధ్య దూరం 2.8 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు). కేంద్రకం సైజుతో చూస్తే అది చాలా చాలా దూరం. మంట, తుప్పు, పులుపు, రంగు, అన్నీ ఈ బయటి ఎలక్ట్రాన్లు చోటు మారడం వల్ల వచ్చేవే. ఎంత పెద్ద రసాయన చర్య జరిగినా కేంద్రకం చెక్కుచెదరదు.

దీనికి సాక్ష్యం మీ వంటింట్లోనే ఉంది. ఉప్పులోని క్లోరిన్ ఒకే రకం కాదు. ద్రవ్యరాశి 35 ఉన్నవి సుమారు మూడు వంతులు, 37 ఉన్నవి ఒక వంతు. కేంద్రకాల బరువు వేరు, కానీ ప్రోటాన్లు 17, ఎలక్ట్రాన్లు (ఉప్పులో అదనంగా చేరినదానితో కలిపి) 18 రెండిట్లోనూ అవే. చారులో ఈ రెండు రకాలకీ తేడా ఎవరికీ తెలియదు, ల్యాబ్‌లో సిల్వర్ నైట్రేట్ వేసినా రెండూ ఒకేలా తెల్లగా అవక్షేపం ఇస్తాయి. (హైడ్రోజన్ ఒక్కటి మినహాయింపు. దానిలోనే బరువైన రకం డ్యుటీరియం, మామూలు హైడ్రోజన్‌కి రెట్టింపు బరువు కాబట్టి చర్యల వేగంలో తేడా పట్టుకోగలం. మిగతా మూలకాల్లో ఆ తేడా చాలా తక్కువ.)

బరువుని నమ్ముకుంటే ఏమవుతుందో 1869లో పట్టిక వేసిన మెండలీవ్ పద్ధతిలోనే తర్వాత బయటపడింది. ఆర్గాన్ పరమాణు భారం 39.95, పొటాషియం 39.10. భారం ప్రకారం వరసలో పెడితే నీళ్లలో వేస్తే మండే పొటాషియం వెళ్లి జడవాయువుల గ్రూపులో కూర్చోవాలి, ఆర్గాన్ సోడియం కింద చేరాలి! 1913లో హెన్రీ మోస్లీ ఎక్స్-కిరణాలతో కొలిచి, వరసకి ఆధారం భారం కాదు, కేంద్రకంలోని ఆవేశమని చూపించాడు. రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలి దగ్గర 27 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంత చిన్న వయసులో అంత పని చేసినవాడి గురించి మన పుస్తకాల్లో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది, అదే నా బాధ.

ఇప్పుడు ఎలక్ట్రాన్లదే పెత్తనం అనుకుందామా? అక్కడే చాలామంది పిల్లలు పప్పులో కాలేస్తారు. సోడియం అయాన్‌లో, అంటే ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఆవేశం వచ్చిన సోడియంలో, ఎలక్ట్రాన్లెన్ని? 10. నియాన్‌లోనూ 10. ఫ్లోరైడ్ అయాన్‌లో 10, ఆక్సైడ్‌లో 10, మెగ్నీషియం అయాన్‌లో 10, అల్యూమినియం అయాన్‌లోనూ 10. విన్యాసం, అంటే కర్పరాల్లో అమరిక, కూడా ఒక్కటే: 2, 8. ఎలక్ట్రాన్ల లెక్క ఒక్కటే చాలితే ఇవన్నీ నియాన్‌లాగే ప్రవర్తించాలి. కానీ ఫ్లోరైడ్ టూత్‌పేస్టులో, సోడియం అయాన్ ఉప్పులో, ఆక్సైడ్ కాల్చిన సున్నంలో, అల్యూమినియం అయాన్ మురికినీళ్లని తేర్చే పటికలో ఉన్నాయి. దేని దారి దానిది. సైజులు చూడండి, పికోమీటర్లలో (ఆంగ్‌స్ట్రామ్‌లో వందో వంతు): ఆక్సైడ్ 140, ఫ్లోరైడ్ 133, సోడియం 102, మెగ్నీషియం 72, అల్యూమినియం 54. అవే 10 ఎలక్ట్రాన్లు. కేంద్రకంలో 8 ప్రోటాన్లుంటే వదులుగా పరుచుకున్నాయి, 13 ఉంటే బిగుసుకుపోయాయి.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు ‘రెండూ’. పని చేసేవి ఎలక్ట్రాన్లు. అవి ఎంత వదులుగా, ఎంత బిగువుగా ఉండాలో తేల్చేది కేంద్రకం. నా మటుకు నేను కెమిస్ట్రీని ఇలా చూస్తాను: బయటి ఎలక్ట్రాన్‌ని ఊడదీయడానికి ఎంత ఖర్చు, ఎక్కడో చేర్చితే ఎంత రాబడి. ఈ జమాఖర్చు తెలిస్తే ఆక్టెట్ దానంతటదే వస్తుంది.

ఖర్చు సంగతికి వద్దాం. ఎలక్ట్రాన్లన్నీ కేంద్రకానికి దగ్గరగా, ఒకే చోట ఎందుకు చేరవు? 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ చెప్పిన నియమం అడ్డం: ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదు. మొదటి కర్పరంలో రెండింటికే చోటు, రెండో దాంట్లో ఎనిమిదింటికే. ఆ తర్వాత వచ్చినది మూడో దాంట్లోకి పోవాల్సిందే. ఈ నియమమే లేకపోతే ప్రతి మూలకంలోనూ ఎలక్ట్రాన్లన్నీ మొదటి మెట్టు మీదే కుప్పపడేవి. ఆవర్తన పట్టిక లేదు, ఉప్పు లేదు, మనమూ లేము.

సాయంత్రం ఐదున్నరకి మద్దిలపాలెం నుంచి గాజువాక వైపు వెళ్లే సిటీ బస్సుని తలచుకోండి. లోపల సీట్లు నిండాక ఎక్కినవాడు ఫుట్‌బోర్డు మీద వేలాడాలి. కండక్టర్ ‘లోపలికి రండి, లోపలికి రండి’ అని అరుస్తూనే ఉంటాడు, కానీ మధ్యలో జనం అడ్డం, పైగా వాళ్లు ఇతన్ని బయటికి నెడుతుంటారు. సోడియంలో పదకొండో ఎలక్ట్రాన్ పరిస్థితి అదే. కేంద్రకంలో 11 ప్రోటాన్లు లాగుతున్నాయి గానీ, మధ్యలో 10 ఎలక్ట్రాన్లు అడ్డుపడి ఆ లాగుడిని తగ్గించేస్తున్నాయి. నియాన్‌లో ఫుట్‌బోర్డు మీద ఎవరూ లేరు. లోపలి ఎలక్ట్రాన్ల ఈ అడ్డునే పుస్తకంలో స్క్రీనింగ్ అంటారు. బయటి ఎలక్ట్రాన్‌కి నిజంగా అందే లాగుడిని అంచనా వేయడానికి జాన్ స్లేటర్ 1930లో కొన్ని సులువైన సూత్రాలు ఇచ్చాడు. వాటి ప్రకారం నియాన్ బయటి ఎలక్ట్రాన్‌కి అందేది 5.85 ప్రోటాన్ల పాటి లాగుడు, సోడియం బయటి ఎలక్ట్రాన్‌కి 2.2 పాటి.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టం. ఒక మోల్ (పరమాణువులని లెక్కపెట్టడానికి వాడే పెద్ద కట్ట) నియాన్ పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ ఊడదీయాలంటే 2,081 కిలోజౌళ్లు కావాలి. ఇక ముందు ఖర్చుల అంకెలన్నీ ఈ కొలతలోనే. సోడియానికి 496 చాలు. నాలుగో వంతు కూడా కాదు. అదే సోడియం నుంచి రెండో ఎలక్ట్రాన్ తీయబోతే 4,562! ఎందుకంటే అది లోపలి కర్పరంలోది, అడ్డు తక్కువ, లాగుడు ఎక్కువ. మీ అమ్మాయి అడిగిన ‘ఒక్కదానికే ఇంత తేడానా’ అన్నదానికి జవాబు ఈ మూడు అంకెల్లోనే ఉంది. పదకొండోది పదింటికి కలిపిన ఇంకొకటి కాదు, కొత్త కర్పరంలో మొదటిది.

ఇక ఆక్టెట్. ‘సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చేసి హాయిగా ఉంటుంది’ అని క్లాసులో చెబుతారు. లెక్క వేసి చూడండి. సోడియం నుంచి ఊడదీయడానికి ఖర్చు 496. క్లోరిన్‌కి దాన్ని చేర్చితే వచ్చేది 349. ఇంకా 147 కిలోజౌళ్ల నష్టం! అంటే విడివిడిగా తేలుతున్న సోడియం, క్లోరిన్ పరమాణువులని దూరదూరంగా ఉంచితే ఈ బేరం కుదరనే కుదరదు. ఆక్టెట్ వచ్చినా సరే కుదరదు. మరి ఉప్పు ఎలా తయారవుతోంది? ధన, ఋణ అయాన్లు వరసగా పేర్చుకుని స్ఫటికం కట్టినప్పుడు మోల్‌కి 787 కిలోజౌళ్లు బయటికొస్తాయి. దీన్నే జాలక శక్తి అంటారు. లాభం అక్కడుంది. సోడియం ముక్కని విడి పరమాణువులుగా మార్చడానికి 107, అర మోల్ క్లోరిన్ అణువుల్ని విడగొట్టి ఒక మోల్ పరమాణువులు చేయడానికి 121 కూడా ఖర్చులో రాసుకోండి. మొత్తం కూడి తీసేస్తే నికర లాభం దగ్గర దగ్గర 411. అమ్మాయి పుస్తకంలో సోడియం క్లోరైడ్ ఏర్పడే ఎంథాల్పీ (ఏర్పడేటప్పుడు బయటికొచ్చే వేడి) సరిగ్గా అంతే ఉంటుంది. నౌపడా ఉప్పుమళ్లలో కుప్పపోసిన ప్రతి రవ్వలోనూ ఉన్నది ఈ లెక్కే.

ఇప్పుడు సోడియానికి ఒక్క క్లోరినే ఎందుకు, రెండెందుకు కాదు? రెండోది కావాలంటే 4,562 పెట్టాలి. ఏ స్ఫటికం కట్టినా అంత తిరిగి రాదు. మెగ్నీషియం మాత్రం రెండు ఇస్తుంది, ఎందుకంటే దానికి మొదటిది 738, రెండోది 1,451. రెండూ కలిపినా 2,189, రెట్టింపు ఆవేశం వల్ల స్ఫటికం లాభం బాగా పెరిగి ఆ ఖర్చుని దాటేస్తుంది. మూడోది 7,733, అక్కడ ఆగిపోతుంది. ‘మెగ్నీషియం వేలన్సీ 2’ అని బట్టీ పట్టేది ఇదే. ఎనిమిది అనే సంఖ్యకి మహత్తు ఏమీ లేదు. ఎనిమిది నిండిన చోట తరవాతి ఖర్చు ఒక్కసారిగా ఆకాశానికి ఎగురుతుంది, అందుకే బేరాలన్నీ అక్కడ తెగుతాయి.

ఆక్టెట్‌ని దేవుడి వాక్యంలా పట్టుకుంటే 1962ని వివరించలేం. ఆ ఏడాది నీల్ బార్ట్‌లెట్ కెనడాలో ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే మహా ఉగ్రమైన వాయువుతో పనిచేస్తూ, అది ఆక్సిజన్ అణువు నుంచి కూడా ఎలక్ట్రాన్ లాగేస్తోందని గమనించాడు. ఆక్సిజన్ అణువు నుంచి ఊడదీయడానికి ఖర్చు సుమారు 1,175. అంకెల పట్టిక చూస్తే జెనాన్‌కి 1,170. ‘అయితే దీన్నీ లాగాలిగా’ అని రెండు వాయువులనీ కలిపాడు, పసుపు నారింజ రంగులో ఘనపదార్థం దిగింది. అప్పటిదాకా ‘ఎనిమిది నిండింది కాబట్టి చర్య జరగదు’ అనుకున్న జడవాయువు అది. ఆయన ఆక్టెట్ వైపు చూడలేదు, ఖర్చు వైపు చూశాడు.

ల్యాబ్‌లో చూపించేదాన్ని దగ్గరగా చెబుతాను. సోడియాన్ని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు. పట్టకారుతో తీసి, ఫిల్టర్ పేపర్ మీద అద్ది, మామూలు చాకుతో కోస్తే మెత్తగా తెగుతుంది. కోసిన ముఖం వెండిలా తళుక్కుమంటుంది, మనం చూస్తుండగానే మసకబారి బూడిద రంగుకి తిరుగుతుంది. శనగగింజంత ముక్కని ఫినాఫ్తలీన్ చుక్కలు వేసిన నీళ్లలో వదిలితే, కరిగి గుండ్రటి పూసలా మారి, బుస్సుమంటూ నీళ్ల మీద అటూ ఇటూ పరుగులు తీస్తుంది. వెళ్లిన దారంతా గులాబీ రంగు గీత. ఆ బుస హైడ్రోజన్, ఆ గులాబీ క్షారం. పొటాషియం అయితే ఊదా రంగు మంటతో అంటుకుంటుంది. కారణం మళ్లీ అదే వరస: లిథియం 520, సోడియం 496, పొటాషియం 419, రుబీడియం 403, సీజియం 376. కిందికి పోయేకొద్దీ బయటి ఎలక్ట్రాన్ దూరం, పట్టు సడలు. (ఇంట్లో ప్రయత్నించవద్దు. అమ్మాయికి గట్టిగా చెప్పండి.)

ఈ చర్య పేలడానికి కారణం హైడ్రోజన్ అంటుకోవడమేనని మేమంతా చెప్పేవాళ్లం. 2015లో ప్రాగ్‌లో పావెల్ యుంగ్‌విర్త్ బృందం హైస్పీడ్ కెమెరాతో సోడియం-పొటాషియం మిశ్రమం చుక్కని నీళ్లలో పడేసి చూసింది. మిల్లీసెకను లోపే లోహం చుక్క నుంచి సన్నటి మొనలు ముళ్లలా నీళ్లలోకి దూసుకొచ్చాయి. ఉపరితలంలోని ఎలక్ట్రాన్లు మెరుపు వేగంతో నీళ్లలోకి దిగిపోవడంతో వెనక మిగిలిన ధన అయాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుని లోహాన్ని చీల్చేస్తున్నాయి. దాంతో కొత్త ఉపరితలం నీళ్లకి తగిలి చర్య ఇంకా ముదురుతుంది. హైడ్రోజన్ మంట ఆ తర్వాతి సంగతి. ఎలక్ట్రాన్ వదిలిపోవడం ఎంత హింసాత్మకమో ఇంతకంటే బాగా చూపించే ప్రయోగం నాకు తెలియదు.

ఇనుము సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, వైజాగ్‌లో ఉంటూ తుప్పు గురించి మాట్లాడకపోతే ఎలా! బీచ్ రోడ్డు వైపు కిటికీ ఉన్న ఇళ్లలో గ్రిల్లుకి ఎన్నిసార్లు రంగు వేసినా రంగు కింద నుంచే పొక్కులొస్తాయి. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది, తడిలో కరిగిన ఆక్సిజన్ వాటిని తీసుకుంటుంది. సముద్రపు ఉప్పు ఆ తడిని కరెంటు పారే ద్రావణంగా మార్చి, ఎలక్ట్రాన్ల రాకపోకలకి దారి సుగమం చేస్తుంది. తర్వాత ఇనుము మూడో ఎలక్ట్రాన్ కూడా వదిలి ఎర్రటి తుప్పుగా స్థిరపడుతుంది. దాని 3డి, 4ఎస్ ఎలక్ట్రాన్ల (మూడో, నాలుగో కర్పరాల్లోని అరల్లో ఉండేవి) శక్తుల మధ్య పెద్ద ఎడం లేదు, అందుకే +2, +3 రెండూ అందుబాటులో ఉంటాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఎరుపు కూడా ఈ +3 ఇనుముదే.

ఇంక మీ బ్లాస్ట్ ఫర్నేసులు, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, రాత్రీ పగలూ చేసేది ఈ కథనే వెనక్కి తిప్పడం. ఖనిజంలోని +3 ఇనుముకి కార్బన్ మోనాక్సైడ్ చేత మూడు ఎలక్ట్రాన్లు తిరిగి ఇప్పించడానికి అంత కోకు, అంత వేడి. సముద్రం గాలి అవే ఎలక్ట్రాన్లని ఖర్చు లేకుండా లాక్కుపోతుంది.

ఇనుముని కాపాడటానికి జింక్ పూత వేస్తారు, ఓడ పొట్టకి, చుక్కాని దగ్గరా జింక్ దిమ్మలు బిగిస్తారు. ఇనుము బదులు జింక్ ఎలక్ట్రాన్లు వదిలి కరిగిపోతుంది. ‘జింక్ బయటి ఎలక్ట్రాన్లు ఇనుము కంటే వదులు కాబట్టి’ అని తేలిగ్గా చెప్పేస్తారు. అది తప్పు. విడి పరమాణువు నుంచి మొదటి రెండు ఎలక్ట్రాన్లు తీయడానికి ఇనుముకి 762, 1,562 కిలోజౌళ్లు కావాలి, జింక్‌కి 906, 1,733. జింక్‌కే ఎక్కువ! మరి జింక్ ముందు ఎందుకు కరుగుతుంది? ఎందుకంటే మనం మొదలుపెట్టేది విడి పరమాణువుతో కాదు, లోహం దిమ్మతో. దిమ్మలోంచి పరమాణువుని ఊడదీయడానికి ఇనుముకి 416 కావాలి, జింక్‌కి 131 చాలు. ఇనుములో పూర్తిగా నిండని 3డి అరలోని ఎలక్ట్రాన్లు కూడా పొరుగు పరమాణువులతో చేతులు కలుపుతాయి, అందుకే 1,538 డిగ్రీలకి గానీ కరగదు. జింక్‌లో 3డి పదీ నిండిపోయి లోపలికి ముడుచుకున్నాయి, ఆ బంధంలో వాటి పాత్ర లేదు, 420 డిగ్రీలకే కరుగుతుంది. దీనికి తోడు జింక్ అయాన్‌ని నీటి అణువులు కాస్త గట్టిగానే చుట్టుకుంటాయి. ఖర్చూ రాబడీ కలిపి వోల్టుల్లో చూస్తే (ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అంటారు, ఎంత మైనస్ అయితే అంత తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుందన్నమాట) జింక్ మైనస్ 0.76 దగ్గర, ఇనుము మైనస్ 0.44 దగ్గర తేలతాయి.

ఈ ఉదాహరణ మీద నేను ఎక్కువ సేపు ఆగాను, కారణం ఉంది. అయనీకరణ శక్తి (ఎలక్ట్రాన్‌ని ఊడదీసే ఖర్చు) ఒక్కటే పట్టుకుని అన్నిటికీ జవాబు చెప్పేసే అలవాటు కోచింగుల వల్ల ముదిరింది. బయటి కర్పరంలో రెండే ఎలక్ట్రాన్లున్నా ఇనుము, జింక్ ఒకటి కాదు. వాటి కింద ఏముందో కూడా చూడాలి.

అల్యూమినియం ఇంకా విచిత్రం. లెక్క ప్రకారం జింక్ కంటే తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదలాలి, దాని వోల్టేజి మైనస్ 1.66. అయినా కిటికీ ఫ్రేములు దశాబ్దాలు నిలబడతాయి. పైన పుట్టిన ఆక్సైడ్ పొర అంటుకుపోయి లోపలికి దారి మూసేస్తుంది. ఇనుము తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది, అందుకే లోపలి ఇనుముకీ అదే గతి పడుతుంది.

అమ్మాయిని ఒకసారి భీమిలి బీచ్‌కి తీసుకెళ్లండి. అల వెనక్కి పోయిన చోట ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. అందులో ఎక్కువ భాగం ఇల్మెనైట్, ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. దానిలోంచి ఇనుముని తీసేసి టైటానియం డయాక్సైడ్ చేస్తే పాలలా తెల్లగా ఉంటుంది, గోడ రంగుల్లో తెలుపు అదే. +4 స్థితిలో టైటానియానికి డి ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగలదు. కంటికి కనిపించే వెలుగుని మింగి మీది మెట్టుకి ఎగరడానికి అక్కడ ఎలక్ట్రానే లేదు, వచ్చిన వెలుగంతా తిరిగి వెళ్లిపోతుంది. ఎర్రమట్టిలోని ఇనుముకి 5 డి ఎలక్ట్రాన్లు ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ వెలుగుని అది మింగేస్తుంది, మనకి ఎరుపు మిగులుతుంది.

అదే ఇసుకలో మోనజైట్ కూడా ఉంది. థోరియంతో పాటు లాంథనమ్, సీరియమ్, నియోడిమియమ్ లాంటి అరుదైన మృత్తికలు అందులో ఉంటాయి. వీటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం కెమిస్టులకి పెద్ద తలనొప్పి. లాంథనమ్ నుంచి లుటీషియం దాకా కొత్తగా చేరే ఎలక్ట్రాన్లు 4ఎఫ్‌లోకి, అంటే లోపలికి పోతాయి. బయటికి అన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, అన్నీ ముఖ్యంగా +3 అయాన్లే ఇస్తాయి. +3 అయాన్ వ్యాసార్ధం లాంథనమ్‌కి 103 పికోమీటర్లు, లుటీషియంకి 86. పద్నాలుగు మెట్లలో తగ్గింది 17, మెట్టుకి ఒకటి చొప్పున. ఆ చిన్న తేడాని పట్టుకుని ఒక ద్రావణంలోంచి ఇంకో దాంట్లోకి మళ్లీ మళ్లీ లాగుతూ విడదీస్తారు. విచిత్రమేమిటంటే, కెమిస్ట్రీలో నోరెత్తని ఆ 4ఎఫ్ ఎలక్ట్రాన్లే అయస్కాంతత్వంలో పెత్తనం చేస్తాయి. మన వైజాగ్‌లో 2023లో జాతికి అంకితం చేసిన అయస్కాంతాల ప్లాంటులో వాడే సమేరియం అలాంటిదే, కోబాల్టుతో కలిపి శాశ్వత అయస్కాంతాలు చేస్తారు.

ఇదే ఇసుకలో మూడోది జిర్కాన్. మొదట్లో మీరు అడిగిన ప్రోటాన్లా, ఎలక్ట్రాన్లా అన్నదానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. జిర్కోనియం పరమాణు సంఖ్య 40. దాని కింద గ్రూపులో ఉన్న హాఫ్నియం 72. ప్రోటాన్లు 32 ఎక్కువ, దాదాపు రెట్టింపు బరువు. మధ్యలో వచ్చిన 4ఎఫ్ ఎలక్ట్రాన్లు సరిగ్గా అడ్డు పెట్టలేకపోవడం వల్ల కేంద్రకం బయటి ఎలక్ట్రాన్లని లోపలికి గుంజుకుంది, చివరికి రెండు పరమాణువుల సైజూ దాదాపు ఒకటే: 160, 159 పికోమీటర్లు. బయటి ఎలక్ట్రాన్లు రెండిట్లోనూ నాలుగే. అందుకే జిర్కాన్ దొరికిన ప్రతిచోటా హాఫ్నియం దాక్కుని ఉన్నా, 1923లో కోపెన్‌హాగెన్‌లో కోస్టర్, హెవెషీ ఎక్స్-కిరణాలతో పట్టుకునేదాకా దాని ఉనికి ఎవరికీ తెలియలేదు. రసాయన పరీక్షలకి రెండూ ఒకేలా జవాబిస్తాయి మరి.

కానీ అణు రియాక్టర్‌లోకి వెళ్తే కథ తలకిందులు. అక్కడ పని కేంద్రకంతో. జిర్కోనియం న్యూట్రాన్లని దాదాపుగా ముట్టుకోదు, అందుకే ఇంధనం గొట్టాలు దానితో చేస్తారు. హాఫ్నియం వాటిని వందల రెట్లు ఎక్కువగా మింగేస్తుంది, కాబట్టి చివరి వరకూ ఏరి పారేయాలి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ చేసే పనుల్లో ఇదొకటి. కేంద్రకాల్లో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా, బయటి ఎలక్ట్రాన్లలో తేడా లేదు, కెమిస్ట్రీలోనూ తేడా లేదు.

అమ్మాయికి ఒక పని చెప్పండి. అల్యూమినియం నుంచి వరసగా ఎలక్ట్రాన్లు తీస్తూ పోతే ఖర్చులు 578, 1,817, 2,745, 11,577. ఏ అంకె దగ్గర గోడ తగిలిందో, అది ఏ కర్పరం గోడో చెప్పమనండి. ఇది సులువే. తర్వాతది కొంచెం ఆలోచించాలి. పీరియడ్‌లో కుడికి పోయేకొద్దీ ఖర్చు పెరగాలి కదా, మరి నైట్రోజన్‌కి 1,402 అయితే ఆక్సిజన్‌కి 1,314 ఏమిటి? 2పి ఆర్బిటాళ్లు మూడు, ఎలక్ట్రాన్లు ఒకచోట మూడు, ఇంకోచోట నాలుగు. పుస్తకంలో ‘సగం నిండిన స్థిరత్వం’ అని ఉంటుంది, అది రాస్తే మార్కులైతే వస్తాయి. కానీ నాలుగోది ఎక్కడికి పోయి కూర్చోవాలో, అక్కడ తనకి తోడు ఎవరున్నారో బొమ్మ గీసి చూడమనండి. గీసింది ఇక్కడ పెడితే చూసి చెబుతాను.